నాలుగు రోజుల సైకిలు పందెం నేర్పిన ఆరోగ్య పాఠాలు

బద్వేలులోని నా వైద్యశాలకు వచ్చే స్త్రీలలో చాలామంది మొదట చెప్పే మాట ఒక్కటే: "ఊరికే అలసటగా ఉంటాందమ్మా, బలానికి ఏదన్నా లేహ్యం ఇయ్యండి." జ్వరం ఉండదు, దగ్గు ఉండదు, నొప్పి ఫలానా చోట అని చూపించలేరు. పన్నెండేళ్లుగా ఆయుర్వేద వైద్యం చేస్తున్న నేను నాడి చూసి, నాలుక చూసి, ద్రాక్షారిష్టమో చ్యవనప్రాశమో వ్రాసి పంపుతూ వచ్చాను. ఆ అలసట ఎక్కడ పుడుతున్నదో నాకు నిజంగా అర్థమైనది 2024 జనవరిలో. అప్పటికి నా వయస్సు ముప్పది ఎనిమిది. కర్ణాటకలో ఒక సైకిలు సంఘం వారు స్త్రీల కొరకు నిర్వహించిన నాలుగు రోజుల పందెంలో, రెండవనాడు రోడ్డు పక్క చింతచెట్టు కింద కూలబడి ఉన్నాను.

నాకు సైకిలు కొత్త కాదు. చిన్ననాడు నాన్నగారి సైకిలుకు కాలు అడ్డంగా దూర్చి తొక్కి నేర్చుకున్నదాన్ని. చదువు, పెళ్లి, పిల్లలు వచ్చాక అది మూలపడింది. 2021లో మోకాళ్లు పట్టేస్తున్నాయని మళ్లీ మొదలుపెట్టాను. తెల్లవారుజామున పోరుమామిళ్ల దారి, సెలవునాడు లంకమల కొండల పక్కగా సిద్ధవటం దారి. "డాక్టరమ్మకు ఇదేం పోయేకాలం" అన్నవారూ ఉన్నారు. ప్రభుత్వం తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లు ఇచ్చినప్పుడు మా వీధి పిల్లలంతా బారులు తీరి వెళ్లేవారు. బడి ముగియగానే ఆ సైకిళ్లు తమ్ముళ్ల పాలయ్యాయి. తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో 1990వ దశకం మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. మన ప్రాంతంలో అట్టి ఊపు ఇంకా రాలేదనే చెప్పాలి.

బహుదిన పందెం అంటే ఏమిటో ముందు చెప్పాలి. ప్రతిరోజూ ఒక దారి, ఒక గమ్యం. ప్రతిరోజూ పట్టిన కాలాన్ని కూడుతూ పోతారు. చివరికి మొత్తం కాలం ఎవరిది తక్కువో వారే విజేత. ఒక్కరోజు పందెంలో ఉన్న శక్తినంతా ఖర్చుచేసి ఇంటికి వెళ్లి పడుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. ఈరోజు చేసిన అప్పు రేపు ఉదయం ఏడు గంటలకే వడ్డీతో వసూలవుతుంది. ఫ్రాన్సులో 1984లో పురుషుల టూర్ డి ఫ్రాన్స్‌తో పాటు స్త్రీలకూ ఇట్టి పందెం నడిచింది. అమెరికా యువతి మారియాన్ మార్టిన్ గెలిచింది. తరువాత అది పలుమార్లు ఆగి, పేర్లు మార్చుకుని, చివరకు 2022లో ఎనిమిది రోజుల పందెంగా మళ్లీ మొదలైంది. ఆ ఏడు గెలిచిన నెదర్లాండ్స్ క్రీడాకారిణి ఆనెమీక్ ఫాన్ ఫ్లూటెన్‌కు అప్పుడు 39 సంవత్సరాలు. మొదటి రోజులలో ఉదరం చెడి, పందెం మానుకోవలసిన స్థితికి వచ్చి, తేరుకుని, చివరి రెండు రోజుల కొండదారులలో అందరినీ దాటింది. 2024లో ఎనిమిది దశలు ముగిశాక మొదటి స్థానం పొందిన పోలండు వనిత కాసియా నేవియాడోమాకు, రెండవ స్థానం వారికి మధ్య తేడా 4 సెకన్లు మాత్రమే. అన్ని రోజుల శ్రమలో ఒక గుక్క నీరు త్రాగటానికి పట్టే కాలమంత తేడా!

నా పందెం వీటి ముందు పిల్లల ఆటే. నాలుగు రోజులకు మొత్తం 270 కిలోమీటర్లు, 34 మంది స్త్రీలు. అయినా శరీరానికి సూత్రం ఒకటే.

పందేనికి ముందే తేలిన సంగతి

అభ్యాసం మొదలుపెట్టిన కొత్తలో ఏ చిన్న గట్టు ఎక్కినా గుండె దడదడలాడేది. వయస్సు అనుకున్నాను. ఒక అల్లోపతి వైద్య మిత్రురాలు పట్టుబట్టి రక్తపరీక్ష చేయించింది. హిమోగ్లోబిన్ 9.6 అని వచ్చింది. గర్భవతులు కాని స్త్రీలకు అది 12కు తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. పాండురోగ లక్షణాలను కంఠస్థం చేసిన నేను, అద్దంలో నా కనురెప్ప కిందకు లాగి చూసుకోలేదు!

ఇందులో నేను ఒంటరిదాన్ని కాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే నా వైద్యశాల బల్లమీద కూర్చున్న ప్రతి ఇద్దరిలో ఒకరికంటే ఎక్కువ. వారికి నేను లేహ్యం ఇస్తూ వచ్చాను.

ఇనుము మాత్రలు వైద్యుల సలహాపై నాలుగు నెలలు వాడాను. ఆహారంలో మునగాకు, తోటకూర, ఉలవలు, నువ్వులు పెంచాను. అన్నింటికంటే మేలుచేసిన మార్పు చిన్నది: భోజనం వెంటనే టీ త్రాగటం మానాను. టీ, కాఫీలలోని వగరు పదార్థం ఆకుకూరలు, పప్పులలోని ఇనుమును శరీరానికి అందనివ్వదు. గంటన్నర ఎడం ఉండాలి. దానికి బదులు పప్పులో నిమ్మరసం పిండుకోవటం, ఉసిరికాయ తినటం వల్ల ఆ ఇనుము బాగా ఒంటబడుతుంది. బెల్లం తింటే రక్తం పడుతుందని మనవారు అంటారు. మంచిదే, కాని 9.6ను 12 చేసే శక్తి బెల్లానికి ఒక్కదానికే లేదు. లోహ భస్మాల విషయంలో ఒక హెచ్చరిక: అంగడిలో పేరు చెప్పి కొని సొంతంగా వాడవద్దు. అర్హుడైన వైద్యుడు చూసి ఇస్తేనే వాడాలి.

అర్ధబలం

వ్యాయామాన్ని అర్ధశక్తితో చేయాలని వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలో విధించారు. అదీ బలం కలవారు, స్నిగ్ధాహారం తినేవారు, శీతకాలంలోను వసంతంలోను. మిగతా కాలాలలో అంతకంటే తక్కువే. అర్ధబలానికి చేరామనడానికి గుర్తులు కూడ శాస్త్రకారులు చెప్పారు. నుదుట, ముక్కుమీద, చంకలలో, కీళ్ల వద్ద చెమట పట్టటం, నోరు ఎండటం, ఊపిరి నోటివెంట రావటం. ఈనాటి శిక్షకులు దీనినే మరోవిధంగా చెబుతారు: తొక్కుతూ పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగినంత వరకు హద్దులో ఉన్నట్లు.

నేను రోగులకు ఇరవైసార్లు చెప్పిన ఈ సూత్రాన్ని మొదటిరోజు మొదటి గంటలోనే మరచాను. నాకంటే పదేళ్లు చిన్నవారైన యువతుల గుంపు వెంట పడ్డాను. ముందున్నవారి వెనుక దగ్గరగా తొక్కితే గాలి తాకిడి తగ్గి శ్రమ నాలుగో వంతుకు పైగా కలిసివస్తుంది, అది నిజమే. కాని ఆ గుంపు వేగమే నా శక్తికి మించినది. మాట్లాడటం అటుంచి, లాలాజలం మింగటానికి కూడ ఊపిరి చాలలేదు. 72 కిలోమీటర్లు పూర్తిచేసి పదకొండవ స్థానంలో వచ్చాను. చప్పట్లు కొట్టారు. సంబరపడ్డాను.

నీటి సంగతి ఇంకా సిగ్గుపడవలసినది. మూడు గంటలకు పైగా తొక్కి ముప్పావు లీటరు సీసాలో సగమే త్రాగాను. దారిలో మరుగుదొడ్లు లేవు. పొదచాటుకు వెళ్లవలసి వస్తుందని త్రాగలేదు. బడికి వెళ్లే బాలికలు, బస్సు ప్రయాణం చేసే గృహిణులు, బల్లల వద్ద పనిచేసే ఉద్యోగినులు ఇదే కారణంతో నీరు మానేస్తారని తెలిసీ, వారికి ఉపన్యాసాలిచ్చీ, నేనూ అదే చేశాను. ఆపరాని వేగాలు పదమూడని మన శాస్త్రం. వాటిలో మూత్రం ఉంది, దప్పిక ఉంది, ఆకలి ఉంది, నిద్ర ఉంది, శ్రమవల్ల వచ్చే ఎగశ్వాస కూడ ఉంది. ఒక్కరోజులో నేను వీటిలో ఐదింటిని బిగబట్టాను.

ఆ రాత్రి భోజనశాలలో జరిగినది అన్నింటికంటే ముఖ్యం. అందరూ వడ్డించుకుంటుంటే నేను గోడపక్కన నిలబడి ఉన్నాను. ఎందుకో నాకే తెలియదు. ఇంట్లో మగవారు, పిల్లలు, పెద్దలు తిన్న తరువాత తినటం పదిహేనేళ్ల అలవాటు. అక్కడ నేను వడ్డించవలసినవారు ఎవరూ లేరు. అయినా కాళ్లు కదలలేదు. నా వంతు వచ్చేసరికి రెండు చపాతీలు, పలుచని పప్పు మిగిలాయి. పెరుగు అయిపోయింది.

చింతచెట్టు కింద

రెండవనాడు 85 కిలోమీటర్లు. యాభై దాటాక కాళ్లలో ఏమీ లేకుండాపోయింది. నొప్పి కాదు, శూన్యం. ఎండలో ఒళ్లు జలదరించింది. కారణం లేకుండా ఏడుపు వచ్చింది. సైకిలు పడేసి కూర్చున్నాను.

జరిగినది ఇది. మనం తిన్న అన్నం, రొట్టె, పండ్లలోని పిండిపదార్థాన్ని శరీరం కండరాలలో, కాలేయంలో నిలవ చేసుకుంటుంది. ఆ నిలవ మొత్తం సుమారు అరకిలో ఉంటుంది. వేగంగా తొక్కితే గంటన్నర, రెండు గంటలలో అడుగంటుతుంది. కొవ్వు ఎంత ఉన్నా, ఆ వేగానికి అది మాత్రమే చాలదు. ఖాళీ అయిన నిలవ తిరిగి నిండటానికి, సరిగా తింటే, ఇంచుమించు ఒక రోజు పడుతుంది. శ్రమ ముగిసిన మొదటి రెండు గంటలలో తిన్నది త్వరగా చేరుతుంది. ఆ సమయంలో నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను.

మా అత్తగారు వెనుక వాహనంలో వస్తున్నారు. కోడలిని ఒంటరిగా పంపటం ఇష్టంలేక వచ్చారు తప్ప పందెం చూడటానికి కాదు. దిగివచ్చి నా ముఖం చూశారు. "ఊరందరికీ పథ్యం చెప్తావు. పొద్దన్నుంచి నువ్వేం తిన్యావో చెప్పు ముందు" అన్నారు. "ఆకలి కాలేదత్తా" అన్నాను. "ఆకలి సచ్చిపోయింటాది, తిను" అని కొంగుముడి విప్పి ఎండుద్రాక్ష, ఖర్జూరాలు నా చేతిలో పోశారు. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ కొంచెం కొంచెంగా త్రాగించారు. ముప్పావు గంటకు లేచాను. నెమ్మదిగా తొక్కి గడువుకు ఆరు నిమిషాల ముందు గమ్యం చేరాను.

ఇక్కడ పాఠకులకు ఒక మాట. నాకు కలిగినది ఆకలి, దప్పికల నీరసం కనుక ఇంటి ఉపాయం పనిచేసింది. ఎండలో శ్రమించినవారు తికమకగా మాట్లాడినా, ఆగకుండా వాంతులైనా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. అప్పుడు నీడకు చేర్చి, చన్నీటితో తడుపుతూ, విసురుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. స్పృహలో లేనివారి నోట్లో ఏమీ పోయరాదు.

ఆ రాత్రి గదిలో పడుకుని ఆలోచిస్తుంటే చరకసంహితలోని పాఠం ఒకటి జ్ఞాపకం వచ్చింది. చరకుడు శ్రమను హరించే ద్రవ్యాలు పది చెప్పాడు: ద్రాక్ష, ఖర్జూరం, సారపప్పు, రేగుపండు, దానిమ్మ, అంజూర జాతి పండు, ఫాల్సా, చెరకు, యవలు, అరవై రోజుల వడ్లు. పరీక్షల కొరకు బట్టీపట్టిన ఈ జాబితాను నేనెన్నడూ మరొకసారి చదవలేదు. ఇందులో దుర్లభమైన మూలిక ఒక్కటీ లేదు. ఇంచుమించు అన్నీ తీపి పండ్లు, ధాన్యాలు. ఈనాటి క్రీడాకారులు జేబులో పెట్టుకుని గంటకు 30 నుండి 60 గ్రాముల పిండిపదార్థం చొప్పున తినేవాటికి, వీటికి తేడా స్వల్పం. మా అత్తగారు చరకం చదవలేదు. ఆమె కొంగులో ఆ పదింటిలో మొదటి రెండూ ఉన్నాయి.

మూడవరోజు నుండి చేసినది

ఉదయం రాగిసంగటి తినలేదు. సంగటి మంచి ఆహారం, కాని నిదానంగా అరుగుతుంది. పందేనికి రెండున్నర గంటల ముందు మెత్తని పెరుగన్నం, ఒక అరటిపండు తీసుకున్నాను. అజీర్ణం ఉన్నప్పుడు వ్యాయామం నిషేధమన్న నియమాన్ని కడుపులో బరువుతో కొండ ఎక్కిన వారెవరైనా ఒప్పుకుంటారు. దారిలో అరగంటకు ఒకసారి, ఆకలి కాకముందే, రెండు ఖర్జూరాలో నాలుగైదు ద్రాక్షలో నమిలాను. మధుమేహం ఉన్నవారు మాత్రం వైద్యుని అడగకుండా ఈ పద్ధతి అనుసరించరాదు.

త్రాగటానికి ఇంట్లోనే చేసుకునే పానీయం: లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రుచికి నిమ్మరసం. చిన్న చెంచా, తలగొట్టి కొలవాలి. ఉప్పు అర చెంచా మించరాదు. రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ముందుగా వైద్యుని అడగాలి. గంటల తరబడి చెమటోడుస్తూ వట్టినీరే అతిగా త్రాగటం కూడ ప్రమాదం. రక్తంలో ఉప్పు పలుచబడుతుంది. ఎంత త్రాగాలో తెలుసుకోవటానికి నేను తొక్కటానికి ముందు, తరువాత బరువు చూసుకునేదాన్ని. కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు పోయినట్లు. మూత్రం లేత పసుపులో ఉన్నదా, ముదురుగా ఉన్నదా చూసుకోవటం ఇంకా సులువు.

నీటి ప్రసక్తి వచ్చింది కనుక ఒక పక్కమాట. నేను అభ్యాసం చేసే దారిలోని పోరుమామిళ్ల చెరువుకు 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు త్రవ్వించిన చెరువు అది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండరాని ఆరు దోషాలు ఆ శాసనంలో చెక్కారు. కట్టనుండి నీరు ఊరిపోవటం ఆ దోషాలలో ఒకటి. ఎన్ని వాగులు వచ్చి చేరినా కట్ట కారుతుంటే చెరువు నిలవదు. ఆ గట్టుమీద సైకిలు ఆపి రొట్టె తిన్నప్పుడల్లా వైద్యశాలలో నేను చూసే స్త్రీలు గుర్తుకు వస్తారు. నెలనెలా ఏడురోజులు మించి రక్తస్రావం అయ్యేవారు, గంట రెండు గంటలకే గుడ్డ మార్చవలసి వచ్చేవారు దానిని మామూలే అనుకుంటారు. కారే చోటు చూడకుండా ఎంత బలం పోసినా నిలిచేది కాదు. వారు స్త్రీవైద్యనిపుణులకు చూపించుకోవాలి.

మూడవనాడే నాకు బహిష్టు వచ్చింది. ఆ దినాలలో శ్రమ కూడదని మన గ్రంథాలు చెప్పాయి. అధిక స్రావం, తీవ్రమైన నొప్పి ఉన్నవారికి ఆ మాట శిరోధార్యమే. నాకు ఆ రెండూ లేవు. ఆధునిక వైద్యం వ్యాయామానికి అభ్యంతరం చెప్పదు. అర్ధబలం దాటకుండా 65 కిలోమీటర్లు తొక్కాను. అత్తగారికి చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. వేడినీళ్లు మాత్రం పెట్టించారు.

పీఠం ఒరిపిడి వల్ల తొడల సందున చర్మం కందటం స్త్రీలకు ఎక్కువ బాధ. బిడియంతో ఎవరూ చెప్పరు, రెండవ రోజుకు నడవలేరు. తొక్కటం ముగియగానే తడిబట్టలు విడిచి, గోరువెచ్చని నీటితో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. కందిన చోట శతధౌత ఘృతం పలుచగా రాస్తే మంట చల్లారుతుంది. ఆవునెయ్యిని రాగిపళ్లెంలో నీటితో మెదుపుతూ, నీరు వంపేస్తూ నూరుమార్లు కడిగితే తెల్లని వెన్నలా అవుతుంది. పగిలిన పుండుమీద, చీము పట్టినచోట రాయకూడదు. పీఠం ఎత్తు కూడ సరిచూడాలి. తొక్కుడు అడుగుకు చేరినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. అంతకంటే వంగితే మోకాలు, పూర్తిగా చాచవలసి వస్తే నడుము చెడతాయి.

వ్యాయామం తరువాత దేహాన్ని సుఖంగా మర్దించమని వాగ్భటులే చెప్పారు. రాత్రి గోరువెచ్చని నువ్వులనూనెతో పిక్కలు, తొడలు పదినిమిషాలు మెల్లగా రుద్దుకుని, తొమ్మిదిన్నరకు పడుకున్నాను. ఇంటివద్ద ఆ సమయానికి నేను గిన్నెలు సర్దుతూ ఉంటాను.

భోజనశాలలో మూడవరాత్రి నేను వరుసలో మొదట నిలబడ్డాను. అన్నం, పప్పు, పెరుగు కడుపునిండా తిన్నాను. చెప్పటానికి ఇది చాలా చిన్న సంగతి. ఆ రెండడుగులు ముందుకు వేయటం మాత్రం నాకు కొండదారి కంటే కష్టమైంది.

చివరిరోజు 48 కిలోమీటర్లు. నన్ను దాటిపోయినవారిని పోనిచ్చాను. చివరి పది కిలోమీటర్లలో వారిలో ఆరుగురిని తిరిగి దాటాను. మొత్తంమీద 34 మందిలో నాది 23వ స్థానం. మొదటిరోజు నా ముందు దూసుకుపోయిన పదిమందిలో ముగ్గురు పందెం పూర్తిచేయలేదు.

తిరిగివచ్చిన వారంలోనే ఒక గృహిణి వైద్యశాలకు వచ్చింది. నలభై ఏళ్లు ఉంటాయి. అలసట అన్నది, లేహ్యం అడిగింది. నాడి చూడకముందు "నిన్న మధ్యాహ్నం ఎన్ని గంటలకు తిన్నారమ్మా?" అని అడిగాను. ఆమె ఆలోచించింది. "మూడు దాటింటాదేమోమ్మా. అందరూ తిన్నాక ఏముంటే అది." కనురెప్ప కిందకు లాగి చూశాను. తెల్లగా ఉంది. రక్తపరీక్షకు చీటీ వ్రాశాను. వెంట వచ్చిన భర్తను లోపలికి పిలిచి, ఆమె భోజనవేళ ఆయనకే చెప్పాను.